సప్తవ్యసనాల పట్టిక నుండి ‘సీతమ్మ కథ’ దాకా: తెలుగు రచనలో మద్యపాన కథనం

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్యంలో మద్యపాన ప్రస్తావనలకు కొదవ లేదు. ఇతిహాసం దానిని శాపంతో ముడిపెట్టింది. నీతిగ్రంథం వ్యసనంగా లెక్కించింది. సంస్కరణ నాటకం దురాచారంగా చూపింది. చలనచిత్రం విషాదానికి గుర్తుగా మలచుకొంది. ఈ ప్రస్తావనలన్నింటినీ ఏరి కూర్చి, మన రచయితలు తాగుడును ఖండించారని నిరూపించడం సులభమే. ఆ నిరూపణ వల్ల కొత్తగా తెలిసేది మాత్రం స్వల్పం. ఖండన అందరిలోనూ ఉన్నప్పుడు, ఎవరి తరఫున ఖండిస్తున్నారు, నష్టాన్ని ఎవరి వైపు నుండి కొలుస్తున్నారు అన్నవే విమర్శకు మిగిలే ప్రశ్నలు.

ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలకు పరిమితమవుతుంది. తాగేవాడు కథకు కేంద్రంగా ఉన్నంత కాలం తాగుడు నష్టం అతని పతనంగానే కనిపించింది. 1990 దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లా వయోజన అక్షరాస్యతా వాచకాలలో ఆ కేంద్రం మారింది. ఆ మార్పునకు సాహిత్య చరిత్రలో దక్కవలసిన చోటు దక్కలేదన్నది నా ప్రతిపాదన. ఆ మార్పు స్పృశించని అంశం ఒకటి ఉంది. దానిని చివరి భాగంలో పరిశీలిస్తాను.

శాపం, శాసనం: ఇతిహాస నమూనా

నన్నయ తెనిగించిన ఆదిపర్వంలోని కచుని వృత్తాంతం మద్యనిషేధానికి ఒక మూలకథను చెబుతుంది. మృతసంజీవని విద్య కోసం శుక్రాచార్యుని వద్ద శిష్యుడుగా చేరిన కచుని దానవులు చంపి, దహించి, ఆ బూడిదను సురలో కలిపి గురువు చేతనే తాగిస్తారు. కుమార్తె దేవయాని దుఃఖం చూడలేక శుక్రుడు కచుని బ్రతికిస్తాడు. అటు తరువాత తన వివేకాన్ని హరించిన సురను నిందించి, ఇకపై దానిని సేవించే బ్రాహ్మణునికి మహాపాతకం తప్పదని కట్టడి చేస్తాడు. ఈ కట్టడిలో మూడు అంశాలు గమనించదగినవి. అది తాగినవాని అనుభవం నుండి పుట్టింది. అది గుర్తించిన నష్టం వివేకభ్రంశం. దాని పరిధి ఒక వర్ణం. కథను నడిపించిన దుఃఖం దేవయానిది. కట్టడి వాక్యంలో ఆమెకు చోటు లేదు.

మౌసలపర్వం ఇంతకంటె విస్తృతమైన వినాశాన్ని చూపుతుంది. మునుల శాపం తెలిసిన తరువాత ద్వారకలో మద్యం తయారీని నిషేధిస్తూ చాటింపు వేయిస్తారు. ఉల్లంఘించినవారికి కొరతే శిక్ష. అయినా ప్రభాస తీర్థంలో యాదవులు తాగి, పాత పగలు తవ్వుకొని, తుంగపరకలతో ఒకరినొకరు చంపుకొంటారు. అత్యంత కఠినమైన నిషేధ శాసనం, అత్యంత ఘోరమైన తాగుడు వినాశం ఒకే కథలో ఇరుగుపొరుగుగా ఉండడం యాదృచ్ఛికం కాదు. శాపమే కారణమైనచోట శాసనం నిష్ప్రయోజనం, మద్యం ఒక పనిముట్టు మాత్రమే. వినాశం అనంతరం మిగిలిన స్త్రీలను అర్జునుడు వెంటబెట్టుకొని పోతుండగా దారిలో ఆభీరులు దాడిచేసి దోచుకొంటారు, పలువురిని ఎత్తుకుపోతారు. తాగినవారి చావు తరువాత బ్రతికినవారికి ఏమవుతుందో చెప్పిన ఘట్టమిది. కానీ కథనం దీనిని అర్జునుని గాండీవం శక్తి ఉడిగిందనడానికి ఉదాహరణగా వాడుకొంటుంది. ఆ స్త్రీల నష్టం వీరుని నష్టంలోకి జమ అయింది.

వ్యసనం: ఒక పదం, రెండు అర్థాలు

నీతిసాహిత్యం రాజును ఉద్దేశించి సప్తవ్యసనాలను పేర్కొన్నది. స్త్రీ, జూదం, పానం, వేట, పరుషమైన మాట, కఠినమైన దండన, ధనాన్ని దుర్వినియోగం చేయడం అనేవి అవి. ఈ పట్టికను మనం ఎంతగా వల్లె వేశామంటే, దానిలోని ఒక అమరికను గమనించడం మానివేశాము. ఇక్కడ స్త్రీ, మద్యం పక్కపక్కన ఉన్నాయి. రెండూ పురుషుని చెరచే వస్తువులే. పట్టికను తయారుచేసిన దృష్టికి తాగేవాడు రాజు. అతని తాగుడు వల్ల నష్టపోయేది రాజ్యం. తాగినవాని ఇంట్లో ఉన్న స్త్రీ ఆ నష్టానికి సాక్షిగా గానీ, బాధితగా గానీ కనిపించే అవకాశం ఆ పట్టికలో లేదు. ఆమె స్వయంగా మరొక వ్యసనం.

‘వ్యసనం’ అన్న పదం కూడా విచారణీయమే. తెలుగులో అది దురలవాటునూ, దుఃఖాన్నీ సూచిస్తుంది. ‘వ్యసనపడు’ అంటే దుఃఖించడం. తాగుడునూ దుఃఖాన్నీ ఒకే పదంలో ఇముడ్చుకొన్న భాష మనది. ఆ దుఃఖం ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం సాహిత్యం చాలాకాలం ఒకే సమాధానం చెప్పింది: తాగేవానిది.

సంస్కరణ దశ: దుకాణం, రంగస్థలం

గురజాడ ‘కన్యాశుల్కం’ 1909 నాటి కూర్పులోని సారా దుకాణం రంగం తెలుగు నాటకంలో తాగుడును సామాజిక స్థలంగా చూపిన సమర్థమైన ఘట్టం. సన్యాసి వేషంలోని బైరాగి, పోలీసు ఉద్యోగి, దుకాణదారు అక్కడ ఒకే కప్పు కింద చేరుతారు. వైరాగ్యం, ప్రభుత్వాధికారం, వ్యాపారం సారా దగ్గర ఇచ్చిపుచ్చుకొంటాయి. తాగుడు ఒక వ్యక్తి బలహీనత మాత్రమే కాదని, దానికి సంఘంలో పరస్పర రక్షణ ఉన్నదని గురజాడ గుర్తించాడు. అయితే అతని వ్యంగ్యానికి లక్ష్యం కపటత్వం. తాగేవారు దుకాణం విడిచి ఇళ్ళకు వెళ్ళిన తరువాత ఏం జరుగుతుందన్నది ఆ రంగం విషయం కాదు.

కాళ్ళకూరి నారాయణరావు నాటకాలు మరొక పోలికకు అవకాశమిస్తాయి. ‘చింతామణి’ వేశ్యాలోలతను, ‘వరవిక్రయం’ వరకట్నాన్ని, ‘మధుసేవ’ మద్యపానాన్ని వస్తువుగా స్వీకరించాయి. వీటిలో వేశ్యాలోలత, మద్యపానం పాత పట్టిక నుండి రంగస్థలానికి వచ్చిన అంశాలు. వరకట్నం ఆ పట్టికలో లేదు. నాటకాల పేర్లు సైతం ఈ భేదాన్ని చెబుతాయి. ‘మధుసేవ’ అన్న పేరు తాగే క్రియను తాగేవాని వైపు నుండి చెబుతుంది. ‘వరవిక్రయం’ అన్న పేరు ఒక అమ్మకాన్ని బజారు భాషలో చెబుతుంది. పట్టిక భారం లేని ఆ వస్తువులోనే కాళ్ళకూరి స్త్రీని కర్తగా నిలిపాడు. కాళింది ప్రాణం తీసుకొన్నా, చెల్లెలు కమల ఆ బేరాన్ని బేరంగానే తీసుకొని, కొనుక్కొన్న వరుడు కొన్నవారి సొత్తేనని వాదిస్తుంది. డబ్బు లెక్కను ఆయుధంగా చేసుకొన్న ఈ తర్కం తాగుడు విషయంలో తెలుగు రచనకు అందడానికి దాదాపు 70 ఏళ్ళు పట్టింది.

జాతీయోద్యమ కాలంలో కల్లు దుకాణాల పికెటింగు, 1937లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన మద్యనిషేధ చట్టం, 1938లో అది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించడం తాగుడును రాజకీయ ప్రశ్నగా మార్చాయి. కానీ ప్రచార భాషలో ఆత్మశుద్ధి, జాతిశుద్ధి అన్న భావనలదే పైచేయి. శుక్రాచార్యుని కట్టడికి ఉన్న నైతిక స్వరం ఇక్కడ వర్ణాన్ని దాటి జాతికి వర్తించింది. స్వరం మారలేదు.

దేవదాసు: దుఃఖానికి దక్కిన గౌరవం

శరత్ చంద్ర 1917లో ప్రచురించిన బెంగాలీ నవల 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో తెలుగు చలనచిత్రమైంది. అక్కినేని నాగేశ్వరరావు నటన, సముద్రాల పాటలు, ఘంటసాల గానం కలిసి ‘దేవదాసు’ను సామాన్యనామంగా మార్చాయి. ప్రేమలో విఫలుడైనవానిని దేవదాసు అని పిలవడం తెలుగు వాడుకలో స్థిరపడింది. ‘వ్యసనం’ అన్న పదంలోని రెండర్థాలు ఒకే పాత్రలో కలిసిపోవడమే ఈ వ్యాప్తికి కారణమని నా అభిప్రాయం. అతడు తాగుతున్నాడు కనుక దుఃఖిస్తున్నాడని ప్రేక్షకుడు అనుకోడు. దుఃఖిస్తున్నాడు కనుక తాగుతున్నాడని అంగీకరిస్తాడు. పాటల్లోని మాయావాద పరిభాష ఆ అంగీకారానికి తాత్విక గౌరవాన్ని కూడా జోడించింది.

ఇక్కడ మరచిపోరాని విషయం దేవదాసు జమీందారు బిడ్డ కావడం. అతడు తాగే డబ్బు వారసత్వంగా వచ్చినది. అతని తాగుడు వల్ల ఏ పొయ్యీ ఆరిపోలేదు, ఏ పిల్లవాడూ బడి మానలేదు. చివరకు తాగుడు తెచ్చిన జబ్బుతో పార్వతి ఇంటి ముందు ప్రాణం విడిచినప్పుడు, నష్టం ఒక సుకుమార హృదయం ఆరిపోవడంగానే మనకు అందుతుంది. కూలి డబ్బుతో తాగేవానికి ఈ కథనాన్ని అన్వయించడం సాధ్యం కాదు. అయినా తెలుగు చలనచిత్రం ఆ అన్వయాన్ని దశాబ్దాల పాటు కొనసాగించింది. నాయకుడు తాగితే విషాదం, హాస్యపాత్ర తాగితే నవ్వు. రెండింటిలోనూ తాగేవాడే దృశ్యానికి కేంద్రం.

కల్లు, సారా: ఒక అవసరమైన విభజన

ఈ చర్చలో కల్లునూ సారానూ ఒకటిగా చూడడం దోషం. తెలంగాణ పల్లెల్లో కల్లు గీత కార్మికుని జీవనాధారం. గ్రామదేవతలకు కల్లు సాక పోయడం ఆచారం. గీత వృత్తి కులం నుండి వచ్చి మొఘలు అధికారాన్ని ఎదిరించిన సర్వాయి పాపన్న వీరగాథ ఆ శ్రమ సంస్కృతి నుండి పుట్టిన కథనమే. కల్లును నిషిద్ధ వస్తువుగా మాత్రమే చూసే సంస్కరణ దృష్టి ఈ జీవితాన్ని చూడలేకపోయింది. అయితే సంస్కృతి పేరుతో ప్రమాదాన్ని కప్పిపుచ్చడమూ సరికాదు. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రజోలాం వంటి మత్తు రసాయనాలు కలిపిన కల్తీ కల్లు పాత కల్లు కాదు. దానికి అలవాటుపడినవారు ఉన్నట్టుండి మానితే వణుకు, భ్రాంతి, మూర్ఛ వంటి ఉపసంహరణ లక్షణాలకు లోనవుతారు. చెట్టు నుండి వచ్చిన పానీయానికి ఉన్న సాంస్కృతిక గౌరవాన్ని ఇక్కడ కర్మాగారపు రసాయనం అనుభవిస్తున్నది.

సారా కథ వేరు. అది ప్రభుత్వ వేలంపాటల ద్వారా పల్లెకు చేరిన సరుకు. 1980 దశకంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సారాను ప్యాకెట్ల రూపంలో సరఫరా చేసే విధానాన్ని ప్రవేశపెట్టి దానికి ‘వారుణి వాహిని’ అని పేరు పెట్టింది. క్షీరసాగర మథనంలో పుట్టిన సురాధిదేవత వారుణి. వాహిని అంటే ప్రవాహం. ఆబ్కారీ ఆదాయానికి పురాణ ప్రతిష్ఠను కల్పించిన ఈ నామకరణం సాహిత్య విద్యార్థి పరిశీలించవలసిన రచనే. అదే దశకంలో, 1983లో, కిలో రెండు రూపాయల బియ్యం పథకం కూడా మొదలైంది. ఒక పథకం వంటింట్లోకి తెచ్చినదానిని మరొకటి వీధిలోంచి పట్టుకుపోయింది. ఈ రెండింటినీ కలిపి లెక్కవేయగలిగినది ఆ ఇంటి స్త్రీ మాత్రమే.

‘సీతమ్మ కథ’: మారిన కేంద్రం

నెల్లూరు జిల్లా సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో నూతన అక్షరాస్యుల కోసం తయారైన వాచకంలో ‘సీతమ్మ కథ’ అన్న పాఠం ఉంది. తాగుడు వల్ల చితికిపోయే గ్రామీణ స్త్రీ బ్రతుకు దాని వస్తువు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ ముందు నిలవగా స్త్రీలు ఏకమై సారా దుకాణాన్ని మూయించిన తరువాత, ఆ సంఘటనే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠంగా వాచకంలోకి వచ్చింది. ఆ పాఠం చదివిన ఇతర గ్రామాల స్త్రీలు తమ ఊళ్ళలో అదే పని చేశారు. 1992లో నెల్లూరు జిల్లా సారా వేలంపాటలను స్త్రీలు అడ్డుకొన్నారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది.

ఈ చరిత్రను సామాజిక శాస్త్రవేత్తలు రాశారు. సాహిత్య విమర్శ అడగవలసిన ప్రశ్న వేరు: ఒక వాచక పాఠం ఈ పనిని ఎలా చేయగలిగింది? మూడు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది కర్తృత్వం. శీర్షికలోనే సీతమ్మ ఉంది, తాగేవాడు లేడు. కచుని కథ నుండి దేవదాసు దాకా మనం చూసిన కథనాలు తాగినవానికి ఏమైందో చెప్పాయి. ఈ పాఠం తాగనిదానికి ఏమైందో చెప్పింది. రెండవ పాఠం శీర్షిక మరొక అడుగు ముందుకు వేసి, ఏకవచనాన్ని బహువచనం చేసింది. ‘ఆడవాళ్ళు’ కర్త. ‘ఏకమైతే’ అన్న చేదర్థకం వాక్యాన్ని అసంపూర్ణంగా విడిచిపెట్టింది. ఆ వాక్యాన్ని పూర్తిచేయవలసిన బాధ్యత చదువరిది. నీతికథ చివర ఉండే ఉపదేశానికి ఇక్కడ అవసరం లేకపోయింది.

రెండవది పఠన విధానం. ఈ పాఠం ఏకాంతంలో చదివేది కాదు. అక్షరాలు కూడబలుక్కొంటున్న స్త్రీలు గుంపుగా, గట్టిగా చదివి, చర్చించుకొనేది. తన ఇంటి గుట్టు అనుకొన్న విషయం పుస్తకంలో అచ్చయి, పక్కనున్న స్త్రీ నోట వినిపించినప్పుడు అది గుట్టుగా ఉండడం మానివేస్తుంది. హరికథ, బుర్రకథ శ్రోతలను సమష్టిగా కూర్చోబెట్టాయి. ఇక్కడ శ్రోతలే పాఠకులూ, తరువాతి పాఠానికి పాత్రలూ అయినారు.

మూడవది కొలత. సారా వ్యతిరేక ఉద్యమ స్త్రీలలో అత్యధికులు వ్యవసాయ కూలీలు. వారు తాగుడును పాపంగా నిందించడంతో ఆగలేదు. కూలి ఎంత, అందులో దుకాణానికి పోయినదెంత, ఇంటికి చేరినదెంత అని అడిగారు. వ్యసనం లెక్కగా మారింది. ఆ లెక్కలో భర్త ఒక్కడే దోషి కాడు; గుత్తేదారు, వేలంపాట, ఖజానా కూడా పద్దులోకి వచ్చాయి. గురజాడ దుకాణంలో చూసిన పరస్పర రక్షణను ఈ స్త్రీలు దుకాణం బయట నిలబడి చూశారు. సప్తవ్యసనాల పట్టికలో మద్యం పక్కన వస్తువుగా ఉన్న స్త్రీ, ఇక్కడ పట్టిక రాసే స్థానంలోకి వచ్చింది.

ఇంతటి మార్పును తెచ్చిన రచనకు సాహిత్య చరిత్రలో చోటు లేకపోవడానికి కారణం మన ప్రక్రియా విభజన. కవిత, కథ, నవల, నాటకం అన్న గళ్ళలో వాచక పాఠం ఇమడదు. రచయిత పేరు ప్రధానం కాని రచనను జానపదంలో అంగీకరించే మనం, అచ్చులో అంగీకరించడానికి వెనుకాడుతాము. స్త్రీవాద సాహిత్యం బలపడిన అదే కాలంలో, కూలి స్త్రీలు చదివి ఆచరణలో పెట్టిన ఈ పాఠాలను ఆ సాహిత్యం పక్కన ఉంచి చదవవలసి ఉంది.

లెక్కకు అందనిది

‘సీతమ్మ కథ’ తెచ్చిన మార్పునకు ఒక పరిమితి ఉంది. కేంద్రం మారినప్పుడు తాగేవాడు దృశ్యం నుండి తప్పుకొన్నాడు, లేదా ప్రతిపక్షంగా మిగిలాడు. దుకాణం మూతపడిన మరునాడు అతని శరీరానికి ఏమవుతుందన్న ప్రశ్న పాత కథనాలలోనూ లేదు, కొత్త కథనంలోనూ లేదు. ఏళ్ళ తరబడి అధికంగా తాగినవాడు ఒక్కసారిగా మానినప్పుడు మూర్ఛలు, తీవ్రమైన మతిభ్రమ కలిగి, వైద్యం అందకపోతే ప్రాణాపాయం ఏర్పడవచ్చు. మానలేకపోవడాన్ని పౌరుషలోపంగా చూసే సమాజానికి ఈ సంగతి కథగా అందలేదు.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించిన జాతీయ సర్వే నివేదిక 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో 10 నుండి 75 ఏళ్ళ వయస్సు గలవారిలో సుమారు 16 కోట్ల మంది మద్యం సేవిస్తున్నారు. పురుషులలో ఇది 27.3 శాతం, స్త్రీలలో 1.6 శాతం. సుమారు 5.7 కోట్ల మందికి మద్యం వల్ల కలిగిన సమస్యలకు సహాయం అవసరం. మద్యానికి బానిసలైనవారిలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఈ అంకెలలో మొదటి జత ‘సీతమ్మ కథ’ అవసరాన్ని సమర్థిస్తుంది: తాగేది ఒకరు, భరించేది మరొకరు. చివరి అంకె మరొక కథ అవసరాన్ని సూచిస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో కూడిన మానసిక స్థితులను మానసిక రుగ్మతల నిర్వచనంలో చేర్చింది. చట్టం ‘రోగి’ అని గుర్తించినవానిని మన వాడుక ఇంకా ‘తాగుబోతు’ అనే పిలుస్తున్నది.

వాడుక భాషలోని మరొక పదం ఈ సందర్భంలో ఆలోచింపజేస్తుంది. నేటి తెలుగులో మద్యానికి అతి సాధారణమైన పేరు ‘మందు’. జబ్బు నయం చేసేదీ మందే, పైరుకు కొట్టే విషమూ మందే, సీసాలోని మద్యమూ మందే. ‘మందు మానడానికి మందు’ అన్న మాట మన భాషలో హాస్యంగా ధ్వనిస్తుంది. చికిత్సను గంభీరంగా చెప్పుకొనే పదజాలం ఏర్పడలేదనడానికి ఆ హాస్యమే నిదర్శనం. గంజాయి, ఇతర మాదకద్రవ్యాల విషయంలోనూ ఇదే కొరత. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం సైతం స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే బానిసకు కొన్ని సందర్భాలలో శిక్ష నుండి రక్షణ కల్పించింది. మన కథనాలు నేరస్థుని, బాధితుని మాత్రమే ఎరుగును. కోలుకొంటున్నవానిని ఎరుగవు.

ఉపసంహారం

తాగుడును గురించిన తెలుగు రచనలో మూడు స్థానాలు కనిపిస్తున్నాయి. మొదటిది తాగేవాడు తనను గురించి శాపంగా, పతనంగా, విషాదంగా చెప్పుకొన్న స్థానం. అది దీర్ఘకాలం కొనసాగింది. రెండవది తాగుడును భరించిన స్త్రీ లెక్క అడిగిన స్థానం. అది ఒక జిల్లా వాచకంలో పుట్టి, రాష్ట్ర చట్టాన్ని మార్చింది. దానిని సాహిత్య పాఠంగా అధ్యయనం చేయవలసిన బాధ్యత తెలుగు శాఖలదే. మూడవది తాగుడు నుండి బయటపడుతున్న మనిషి, అతనితో కలిసి ఆ దినాలను గడిపిన కుటుంబం మాట్లాడే స్థానం. అది ఇంకా దాదాపు ఖాళీగా ఉంది.

రెండవ స్థానం మొదటిదానిని సరిదిద్దింది. మూడవ స్థానం రెండవదానిని రద్దు చేయరాదు. రోగి అన్న మాట చాటున సీతమ్మ లెక్క మాసిపోతే మనం మళ్ళీ దేవదాసు దగ్గరికే చేరుతాము. చికిత్స పొందుతున్నవాని కథను, అతడు ఇంటికి తీసుకురాని కూలి డబ్బును లెక్కపెట్టిన స్త్రీ కూడా కూర్చుని వినగలిగేలా రాయడం ఇప్పుడు తెలుగు రచన ముందున్న పని.